రెండో వృత్తిగా అపరాధ పరిశోధన నవల: కార్యాలయం నుంచి కథలోకి నడిచినవారు

1962లో లండన్‌కు చెందిన ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణ సంస్థ 'కవర్ హర్ ఫేస్' అనే అపరాధ పరిశోధన నవలను వెలువరించింది. రచయిత పేరు పి.డి. జేమ్స్. పేరును బట్టి రాసింది పురుషుడో స్త్రీయో పాఠకులు పోల్చుకోలేరు. ఆ పొడి అక్షరాల వెనుక ఉన్నది ఫిలిస్ డొరొతీ జేమ్స్ అనే మహిళ. ఆమె ఇద్దరు కుమార్తెల తల్లి. లండన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల నిర్వహణను చూసే ప్రాంతీయ మండలిలో పరిపాలనా ఉద్యోగి. తొలి నవల వెలువడే నాటికి ఆమె నలభై దాటారు. పుస్తకం వచ్చిన తరువాత కూడా ఉద్యోగం మానలేదు. మరో పదిహేడేళ్లు, అంటే 1979లో పదవీ విరమణ చేసేవరకు, ఆమె కార్యాలయానికి వెళుతూనే నవలలు రాశారు.

ఈ సంగతిని ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణ వయసు 60 ఏళ్లు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ఆ తరువాత ఆరోగ్యంతో గడిచే కాలం ఒక తరం కిందటి కంటే నేడు ఎక్కువ. ఆ కాలంలో ఏం చేయాలన్న ప్రశ్నకు 'ఒక నవల రాయాలి' అని మనసులో సమాధానం చెప్పుకునేవారు తక్కువేమీ కాదు. వారిలో చాలామంది వారపత్రికల సీరియళ్లతో, అద్దె పుస్తకాల దుకాణాల్లోని డిటెక్టివ్ నవలలతో పెరిగినవారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వారికి బాల్యమిత్రుల వంటివారు. అందుకే రాయాలన్న కోరిక కలిగినప్పుడు అది తరచూ అపరాధ పరిశోధన వైపే మళ్లుతుంది.

కోరిక వెంటే సందేహాలూ వస్తాయి. ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యం కాదా? ఉద్యోగంలో గడిచిన మూడు దశాబ్దాలు రచనకు ఏ విధంగానైనా పనికివస్తాయా? ఉన్న జీవనాధారాన్ని వదులుకోవాలా? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఊహల్లో కంటే, ఆ దారిలో నిజంగా నడిచినవారి జీవితాల్లో స్పష్టంగా దొరుకుతాయి.

అవసరం నేర్పిన క్రమశిక్షణ

ఫిలిస్ జేమ్స్ 1920లో ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. పదహారేళ్ల వయసులోనే చదువు ఆగిపోయింది. భర్త వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక సేవ నుంచి ఆయన తీవ్రమైన మానసిక అనారోగ్యంతో తిరిగివచ్చారు. స్థిరంగా పనిచేసే స్థితి లేకపోవడంతో ఇల్లు గడపవలసిన బాధ్యత పూర్తిగా ఆమెపై పడింది. 1949లో ఆసుపత్రుల పరిపాలనలో చేరారు. 1964లో భర్త మరణించారు.

రచయిత్రి కావాలన్న ఆలోచన ఆమెకు చిన్ననాటి నుంచీ ఉంది. ముప్పై దాటి నలభైకి చేరువవుతున్నా ఒక్క పుస్తకమూ పూర్తి కాలేదు. రాయడానికి అనువైన సమయమంటూ ఒకటి ఎన్నటికీ రాదని, ఇలాగే ఉంటే తాను రచయిత్రిని కావాలనుకున్నానని మనుమలకు చెప్పుకోవడమే మిగులుతుందని గ్రహించిన తరువాతనే పని మొదలుపెట్టానని ఆమె పలు సందర్భాల్లో వివరించారు. తెల్లవారుజామునే లేచి, కార్యాలయానికి బయలుదేరే లోపు రాసుకునేవారు. ఆ కొద్ది సమయాలతోనే ఒక నవల తయారైంది. ఉద్యోగం మానేస్తే తీరిక దొరికేది. అయితే ఆమె కుటుంబానికి జీతం తప్ప మరో ఆధారం లేదు. ఉద్యోగాన్ని, రచనను జంటగా నడపడం ఆమెకు అవసరం విధించిన ఏర్పాటు.

ఉద్యోగమే ముడిసరుకు

జేమ్స్ నవలల వరుసను చూస్తే ఆమె సర్వీసు రిజిస్టరును చదువుతున్నట్టే ఉంటుంది. రెండో నవల 'ఎ మైండ్ టు మర్డర్' 1963లో వచ్చింది. కథ జరిగేది మానసిక చికిత్సాలయంలో. హతురాలు ఆ సంస్థ పరిపాలనాధికారిణి. అంటే రచయిత్రి తన సొంత హోదానే హతురాలికి ఇచ్చారు! 1971 నాటి 'ష్రౌడ్ ఫర్ ఎ నైటింగేల్' నర్సుల శిక్షణ పాఠశాలలో నడుస్తుంది. రోగికి గొట్టం ద్వారా ఆహారం అందించే పద్ధతిని ప్రదర్శిస్తుండగా, రోగి పాత్రలో ఉన్న విద్యార్థిని మరణించడంతో కథ మొదలవుతుంది. ఆసుపత్రి దినచర్య తెలిసినవారికి తప్ప ఇటువంటి ఘట్టం తట్టడం కష్టం.

1968లో ఆమె పోటీ పరీక్ష ద్వారా బ్రిటిష్ హోంశాఖలో చేరారు. పోలీసు విభాగంలోనూ, ఆ తరువాత నేర విధాన విభాగంలోనూ పనిచేశారు. ఫోరెన్సిక్ సేవలకు సంబంధించిన వ్యవహారాలు ఆమె బల్ల మీదుగా సాగేవి. 1977లో వచ్చిన 'డెత్ ఆఫ్ యాన్ ఎక్స్‌పర్ట్ విట్నెస్' నవలకు నేపథ్యం ఒక ఫోరెన్సిక్ ప్రయోగశాల.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. జేమ్స్ వైద్యురాలు కాదు, పోలీసు అధికారి కాదు, శాస్త్రవేత్త కూడా కాదు. ఆమె పరిపాలనా ఉద్యోగి. కమిటీ సమావేశాలు, నియామకాలు, సెలవు దరఖాస్తులు, ఖాళీలు, ఫిర్యాదులు ఆమె ప్రపంచం. అపరాధ పరిశోధన నవలకు కావలసిన విషయాలు ఎన్నో అక్కడే ఉన్నాయి. ఎవరి వద్ద ఏ తాళం ఉంటుంది, ఏ గదిలోకి ఎవరికి ప్రవేశం ఉంది, ఎవరికి రావలసిన పదోన్నతి ఎవరికి దక్కింది, ఎవరి పొరపాటును ఎవరు కప్పిపుచ్చారు వంటి వివరాలు ఒక సంస్థ లోపల ఏళ్ల తరబడి మెలిగినవారికే తెలుస్తాయి. హత్యకు అవకాశం, హత్యకు కారణం అనే రెండు మూలస్తంభాలు ఈ వివరాల మీదనే నిలబడతాయి.

మూడు దారులు

ఒక వృత్తి నుంచి ఈ రచనా ప్రక్రియలోకి వచ్చినవారిని పరిశీలిస్తే స్థూలంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది విధిలేక వచ్చిన దారి. అమెరికా రచయిత రేమండ్ చాండ్లర్ లాస్ ఏంజెలెస్‌లో ఒక చమురు సంస్థలో ఉన్నతాధికారి. 1932లో, నలభై నాలుగేళ్ల వయసులో, మద్యపానం, విధులకు గైర్హాజరు కారణంగా ఉద్యోగం కోల్పోయారు. ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న కాలమది. చవక పత్రికలకు నేరకథలు రాసి బతకవచ్చునన్న ఆలోచనతో ఆయన ఓనమాల నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. పెర్రీ మేసన్ నవలలతో ప్రసిద్ధుడైన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కథనొకదాన్ని తీసుకుని, దాని సారాంశం రాసుకుని, ఆ సారాంశం నుంచి కథను తన సొంత మాటల్లో తిరిగి రాసి, అసలు కథతో పోల్చి చూసుకునేవారు. ఆ గార్డ్‌నర్ కూడా న్యాయవాద వృత్తి నుంచి వచ్చినవారే. చాండ్లర్ తొలి కథకు ఐదు నెలలు పట్టింది. అది 1933 డిసెంబరులో 'బ్లాక్ మాస్క్' పత్రికలో వచ్చింది. తొలి నవల 'ది బిగ్ స్లీప్' 1939లో వెలువడింది. అంటే ఉద్యోగం పోయిన నాటి నుంచి నవల చేతికందే వరకు ఏడేళ్ల కాలం గడిచింది.

రెండోది విరమణ వయసు దాటిన తరువాతి దారి. ఇటలీకి చెందిన ఆంద్రేయా కమిల్లేరి రంగస్థల దర్శకుడు, నాటకశాస్త్ర అధ్యాపకుడు. ఆ దేశ ప్రజా ప్రసార సంస్థ 'రాయ్'లో దీర్ఘకాలం పనిచేశారు. 1960 దశకంలో జార్జ్ సిమెనాన్ సృష్టించిన ఇన్‌స్పెక్టర్ మేగ్రే కథలను టెలివిజన్ ధారావాహికగా నిర్మించే బృందంలో ఆయన ఉన్నారు. స్క్రిప్టు రచయిత ఒక నవలను భాగాలుగా విడదీసి, దృశ్యాల క్రమంలో మళ్లీ కూర్చే పద్ధతిని దగ్గర నుంచి చూశారు. గడియారం విప్పి మళ్లీ బిగించడం నేర్చుకున్నట్టుగా అపరాధ పరిశోధన కథ నిర్మాణం తనకు అక్కడే అర్థమైందని ఆయన తరువాతి కాలంలో చెప్పేవారు. ఇన్‌స్పెక్టర్ మోంటాల్‌బానో కథానాయకుడిగా తొలి నవల 1994లో వచ్చింది. అప్పటికి కమిల్లేరి వయసు 68 ఏళ్లు. 2019లో 93 ఏళ్ల వయసులో మరణించే వరకు ఆయన రాస్తూనే ఉన్నారు. కథల్లోని ఊహా పట్టణం 'విగాటా' ఎంతటి పేరు పొందిందంటే, ఆయన జన్మించిన పోర్టో ఎంపెడోక్లే పట్టణం 2003లో ఆ పేరును తన పేరుకు జోడించుకుంది.

మూడోది ఉద్యోగాన్ని వదలకుండానే సాగిన దారి. పి.డి. జేమ్స్ ఈ కోవకు చెందినవారే. మన దేశంలో దీనికి ఉదాహరణలు ఎక్కువ. హిందీలో దాదాపు మూడు వందల నవలలు రాసిన సురేంద్ర మోహన్ పాఠక్ ప్రభుత్వ రంగ సంస్థ ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగం చేస్తూనే రచన కొనసాగించారు. తమిళంలో 'సుజాత' కలం పేరుతో ప్రఖ్యాతులైన ఎస్. రంగరాజన్ బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజినీరు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం రూపకల్పనలో, తయారీలో ఆయనకు ముఖ్యపాత్ర ఉంది. ఆయన సృష్టించిన న్యాయవాదుల జంట గణేశ్, వసంత్ తమిళ పాఠకులకు సుపరిచితులు.

ఈ మూడు దారుల్లోనూ ఉమ్మడిగా కనిపించేది ఒకటే. ఎవరూ రాత్రికి రాత్రి రచయితలు కాలేదు. రాజీనామా పత్రం ఎవరి చేతికీ నవల అందించలేదు. చాండ్లర్ విషయంలో కూడా ఉద్యోగం పోవడం విజయానికి కారణం కాదు. ఆ తరువాత విద్యార్థిగా కూర్చుని నేర్చుకోవడమే కారణం.

మన నేలపై ఈ సంప్రదాయం

భారతీయ అపరాధ పరిశోధన సాహిత్యం పుట్టుకలోనే ఉద్యోగ అనుభవం ఉంది. కలకత్తా పోలీసు డిటెక్టివ్ విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ, 1892 నుంచి 'దారోగార్ దప్తర్' పేరిట బెంగాలీలో వరుసగా కథలు ప్రచురించారు. దారోగా గారి దస్త్రాలు అని ఆ పేరుకు అర్థం. దస్త్రంలో ముగిసిన కేసును కథగా మలచవచ్చునని మన దేశంలో తొలినాళ్లలోనే నిరూపించినవారిలో ఆయన ఒకరు.

తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటుగా ఆర్థిక సంస్థల్లో పనిచేసి, ఆ తరువాత పూర్తికాల రచనలోకి వచ్చారు. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' వంటి నవలలో డబ్బు చుట్టూ కథను అల్లిన తీరు వెనుక ఆ వృత్తి పరిచయాన్ని పాఠకులు పోల్చుకోగలరు. ముంబయికి చెందిన శస్త్రవైద్యురాలు కల్పనా స్వామినాథన్ 'లల్లి' అనే విశ్రాంత పోలీసు అధికారిణిని పరిశోధకురాలిగా నిలిపి ఆంగ్లంలో నవలలు రాశారు.

బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియా సంతతి రచయితల్లోనూ ఈ ధోరణి ఉంది. అబీర్ ముఖర్జీ అకౌంటెంటు. వర్ధమాన రచయితల పోటీలో గెలిచిన తరువాత, 1919 నాటి కలకత్తా నేపథ్యంగా ఆయన రాసిన 'ఎ రైజింగ్ మ్యాన్' 2016లో వచ్చింది. లండన్‌లో జన్మించిన వసీం ఖాన్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంటుగా దాదాపు పదేళ్లు ముంబయిలో పనిచేశారు. నగరానికి వచ్చిన తొలినాళ్లలో వాహనాల రద్దీ మధ్య నడిచివెళుతున్న ఏనుగును చూశారు. ఆ దృశ్యం చాలా ఏళ్ల తరువాత, పదవీ విరమణ చేసిన ఇన్‌స్పెక్టర్ చోప్రాకు వారసత్వంగా ఏనుగు పిల్ల దక్కే నవలగా మారింది. 2015లో అది ప్రచురితమయ్యే ముందు ఆయన రాసిన పలు నవలలు అచ్చుకు నోచుకోలేదు. పాఠకులు చూసే 'తొలి నవల' వెనుక ఇటువంటి కనబడని పుస్తకాలు ఉండడం సాధారణం.

వృత్తి ఇచ్చేది, వృత్తి అడ్డుపడేది

పాత వృత్తి రచయితకు మూడు విధాలుగా తోడ్పడుతుంది. మొదటిది ప్రత్యేక పరిజ్ఞానం. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో టార్కీ పట్టణంలోని ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశారు. విషాల గురించిన ఆమె జ్ఞానం అక్కడిదే. 1920లో వచ్చిన తొలి నవలలో విషప్రయోగాన్ని సరిగ్గా వర్ణించినందుకు ఔషధశాస్త్ర పత్రిక ఒకటి మెచ్చుకుంది. రెండోది మనుషుల పరిచయం. కౌంటర్ల వద్ద, వార్డుల్లో, తరగతి గదుల్లో పనిచేసినవారు మనుషులు ఎలా అబద్ధమాడతారో, దేనికి తడబడతారో దశాబ్దాల పాటు చూసి ఉంటారు. మూడోది పని అలవాటు. రోజూ నిర్ణీత సమయానికి బల్ల ముందు కూర్చోవడం అలవాటైనవారికి ప్రేరణ కోసం ఎదురుచూసే జబ్బు తక్కువ.

అదే వృత్తి కొన్ని చోట్ల అడ్డుపడుతుంది కూడా. ఈ విషయం అంతగా చర్చకు రాదు. వైద్యులు రోగాన్ని అవసరానికి మించి వివరిస్తారు. న్యాయవాదుల పాత్రలు పిటిషన్ భాషలో మాట్లాడతాయి. ఉపాధ్యాయులు పాఠకులకు అర్థమైందో లేదోనని ఒకే విషయాన్ని మూడుసార్లు చెబుతారు. ప్రభుత్వ ఉద్యోగులు కర్త లేని వాక్యాలు రాస్తారు: 'చర్యలు తీసుకోబడ్డాయి' అంటారే గాని ఎవరు తీసుకున్నారో చెప్పరు. దశాబ్దాలుగా వార్తలు దిద్దుతున్న ఈ వ్యాసకర్తకు తన వృత్తి అలవాటు మరింత ఇబ్బందికరమైనది. వార్తలో ముఖ్యాంశం మొదటి వాక్యంలోనే రావాలి. అపరాధ పరిశోధన నవలలో అది చివరి అధ్యాయం వరకు రాకూడదు. జీవితమంతా ఒక క్రమంలో నడిచిన చేతిని వెనక్కి తిప్పడం సులభం కాదు.

రెండో శిష్యరికం

అందువల్ల అనుభవం ఎంత ఉన్నా, ఈ ప్రక్రియ మెళకువలను మొదటి నుంచి నేర్చుకోక తప్పదు. అపరాధ పరిశోధన నవలకు మూలసూత్రం పాఠకుడి పట్ల న్యాయం. పరిశోధకుడికి తెలిసిన ప్రతి ఆధారం పాఠకుడికీ తెలియాలి. అయినా ముగింపు ఆశ్చర్యం కలిగించాలి. బ్రిటన్‌లో మతగురువుగా ఉంటూ నవలలు రాసిన రోనాల్డ్ నాక్స్ 1929లో ఇటువంటి పది నియమాలను క్రోడీకరించారు. 1930లో లండన్‌లో రచయితలు ఏర్పాటు చేసుకున్న 'డిటెక్షన్ క్లబ్' కూడా ఈ న్యాయసూత్రాన్ని గౌరవించింది. ఇందులోని కొన్ని నియమాలు కాలక్రమంలో సడలినా, మూలసూత్రం మాత్రం మారలేదు.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఉపఖజానా కార్యాలయంలో పనిచేసి విరమించిన వ్యక్తి నవల రాయదలిచారనుకుందాం. పెన్షనరు జీవించే ఉన్నట్టు ఏటా ధ్రువపత్రం సమర్పించాలన్న నిబంధన ఆయనకు కరతలామలకం. ఆ నిబంధనే కథకు బీజం కావచ్చు. ఒక వృద్ధుడు రెండు రోజులుగా కనిపించడం లేదని కుటుంబసభ్యులు చెబుతారు. నిజానికి ఆయన మరణించి నాలుగు నెలలైంది. పెన్షను ఆగకూడదని ఎవరో ఆయన పేరిట సంతకం చేశారు. సంతకంలోని అక్షరాలు ఎడమచేతి వాటం ఉన్నవారి రాతలా ఉన్నాయి. గుమాస్తా దాన్ని గమనించడంతో రహస్యం బయటపడుతుంది.

ఈ కథ నిలబడాలంటే వృద్ధుడు కుడిచేత్తో సంతకం చేయడం మొదటి అధ్యాయంలోనే పాఠకుడు చూసి ఉండాలి. అయితే దాన్ని ఎత్తి చూపకూడదు. ఆయన పాలవాడితో లెక్క తేల్చుకుంటూ, మనుమడిని మందలిస్తూ, మధ్యలో సంతకం చేయాలి. దోషి ఎడమచేతి వాటం కూడా అలాగే, వడ్డన సమయంలోనో తాళం తీసే సమయంలోనో, మాటవరుసగా కనబడాలి. ఇంకొకరిపై అనుమానం మళ్లించే ఆధారం ఒకటి ఉండాలి. దానికి కూడా ముగింపులో నమ్మదగిన వివరణ దొరకాలి. చాలామంది రచయితలు ముందుగా నేరం ఎలా జరిగిందో పూర్తిగా రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ ఆధారాలను అధ్యాయాల్లో పంచుతారు. కమిల్లేరి గడియారం పోలికకు అర్థం ఇదే.

ఉపఖజానా పరిజ్ఞానం ఇక్కడ బీజాన్ని మాత్రమే ఇచ్చింది. ఆ నాలుగు నెలలు ఒక తండ్రి మరణాన్ని దాచిన ఇంట్లో మనుషులు ఎలా అన్నం తిన్నారు, ఎలా నిద్రపోయారు అన్నది నవలాకారుడు చెప్పవలసిన విషయం. పాఠకుడి మనసులో చివరికి మిగిలేది కూడా అదే.

మన చట్టం, మన ఠాణా

పాశ్చాత్య నవలలు, సినిమాలు చూసి రాసేవారు తరచూ పొరబడే చోటు మరొకటి ఉంది. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పరిశోధకుడు నిలదీస్తే, దోషి నేరం ఒప్పుకోవడంతో కథ ముగుస్తుంది. భారతీయ చట్టం ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా ఉపయోగించడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ ఈ రక్షణ కల్పించింది. ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 23వ సెక్షన్‌లో ఉంది. నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఆయుధం వంటి వస్తువేదైనా దొరికితే, ఆ మేరకు ఆ సమాచారం చెల్లుతుంది. మేజిస్ట్రేటు ఎదుట స్వచ్ఛందంగా ఇచ్చే వాంగ్మూలం వేరు. ఇది తెలిసిన రచయిత తన ముగింపును ఒప్పుకోలు మీద కాక, దొరికిన వస్తువు మీద నిలబెడతారు. కథ కూడా అందుకు తగ్గట్టు బలపడుతుంది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. హత్యానేరానికి శిక్షను నిర్దేశించేది ఇప్పుడు న్యాయ సంహితలోని 103వ సెక్షన్. మూడు తరాల పాఠకులకు కంఠస్థమైన 302 అంతకు ముందు జరిగిన నేరాలకే వర్తిస్తుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలాన్ని సందర్శించాలని కొత్త చట్టం నిర్దేశించింది. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చింది. నేటి కాలంలో నడిచే కథ రాసేవారు శవ పంచనామా, పోస్టుమార్టం, స్వాధీనం చేసుకున్న వస్తువులకు సీలు వేయడం వంటి ప్రక్రియలను తెలుసుకోవాలి. బహిరంగ న్యాయస్థానంలో కొన్ని రోజులు వెనుక బెంచీలో కూర్చుని విచారణను గమనించడం మంచి పాఠశాల.

అనుమతులు, గోప్యత, ఆదాయం

ఉద్యోగంలో ఉంటూ రాసేవారు నియమాలను ముందుగా చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం, ప్రచురణకర్త ద్వారా వెలువడే, కేవలం సాహిత్య, కళా, వైజ్ఞానిక స్వభావం గల పుస్తకానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. రాష్ట్ర ప్రభుత్వాలకు, బ్యాంకులకు, ప్రభుత్వ రంగ సంస్థలకు వేర్వేరు నియమాలు ఉన్నాయి. పారితోషికం విషయంలో సందేహముంటే కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగడం శ్రేయస్కరం.

గోప్యత విరమణతో ముగియదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం విశ్రాంత ఉద్యోగులకూ వర్తిస్తుంది. నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి విరమించినవారు ఆ సంస్థ పరిధిలోని విషయాలపై ప్రచురణకు ముందు అనుమతి పొందాలని 2021లో పెన్షను నియమాలను సవరించారు. చట్టం సంగతి అలా ఉంచినా, నైతిక బాధ్యత ఒకటి ఉంది. వైద్యులకు, న్యాయవాదులకు, పోలీసులకు మనుషులు తమ కష్టకాలంలో చెప్పుకున్న విషయాలు వారి సొత్తు కావు. పేరు మార్చినంత మాత్రాన ఊరివారు ఆ మనిషిని పోల్చుకోలేరని అనుకోవడం పొరపాటు. అలా పోల్చుకోగలిగిన చిత్రణ పరువునష్టం దావాకూ దారితీయవచ్చు. అనుభవం నుంచి తీసుకోవలసింది సంఘటనను కాదు, దాని వెనుక ఉన్న మానవ స్వభావాన్ని.

ఆదాయం గురించి వాస్తవిక దృష్టి అవసరం. వారపత్రికల సీరియళ్లు తెలుగు రచయితకు ఒకప్పుడు ఇచ్చిన ఆసరా నేడు లేదు. చేతి డబ్బుతో అచ్చు వేయించుకునేవారు భవిష్యనిధిలోని సొమ్మును అందుకు వాడే ముందు పదిసార్లు ఆలోచించాలి. ప్రచురణకర్తతో ఒప్పందం చేసుకునేటప్పుడు శ్రవణ పుస్తకం, అనువాదం, వెబ్ సిరీస్ హక్కులు ఎవరివో స్పష్టంగా రాసుకోవాలి. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే అరవై ఏళ్ల వయసులో రాసిన పుస్తకంపై హక్కు మనుమల కాలానికీ చెందుతుంది.

మళ్లీ ఆ తెల్లవారుజాముకు

పి.డి. జేమ్స్ 1979లో హోంశాఖ నుంచి విరమణ పొందారు. మరుసటి సంవత్సరం వచ్చిన 'ఇన్నొసెంట్ బ్లడ్' ఆమెకు తొలిసారిగా పెద్దమొత్తంలో ఆదాయం తెచ్చింది. ఆ తరువాత మేజిస్ట్రేటుగా సేవలందించారు. బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీ గవర్నర్లలో ఒకరయ్యారు. 1991లో ప్రభువుల సభ సభ్యురాలయ్యారు. 2014లో 94 ఏళ్ల వయసులో మరణించారు. ఆమె సృష్టించిన పరిశోధకుడు ఆడమ్ డాల్‌గ్లీష్ పోలీసు అధికారి. కవి కూడా. పగలు ఒక పని, మనసులో మరో పని గల మనిషిని ఆమె కథానాయకుడిగా ఎంచుకోవడంలో వింత లేదు.

విరమణ వరకు ఆగి ఉంటే ఆమె యాభై తొమ్మిదేళ్ల వయసులో మొదటి పుట దగ్గర ఉండేవారు. అది కూడా ఆలస్యం కాదని కమిల్లేరి జీవితం చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నవారు రేపటి ఉదయం ఒక అరగంట ముందు లేవవచ్చు. విరమించినవారు తాము పనిచేసిన కార్యాలయం పటాన్ని కాగితంపై గీసి, ఏ బీరువా తాళం ఎవరి వద్ద ఉండేదో రాసుకోవడంతో మొదలుపెట్టవచ్చు. ఆ తాళం ఒకరోజు ఉండవలసిన చోట లేదని ఊహించగలిగితే, కథ అక్కడ ఆరంభమవుతుంది.